చీకటి మీద గీసిన వృత్తం

నా లెక్క తప్పిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. ఆబిడ్స్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూ, మిగతా టైమంతా క్వేజార్ల మీద పీహెచ్‌డీకి పెడుతున్న రోజులవి. ఎక్కడో దూరాన ఒక గెలాక్సీ నడిమధ్య, కృష్ణబిలంలో పడబోతూ వేడెక్కి వెలిగే పదార్థమే క్వేజార్. దాని ఎక్స్‌రేలు మన గాలిని దాటి నేలకు చేరవు కాబట్టి టెలిస్కోపును అంతరిక్షంలోనే పెట్టారు. అది తీసిన పాత ఫొటోలను ఎవరైనా నెట్‌లోంచి దించుకోవచ్చు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండు గదుల కిరాయి ఇంట్లో కూర్చుని నేనూ దించుకునేదాన్ని.

నా క్వేజార్ కొన్నేళ్ళలో సగానికి సగం మసకబారిందని కనిపెట్టాను. కనిపెట్టానంటే కనిపెట్టాను, అంతే. దాని మీద పరిశోధన పేపరు కూడా రాసేశాను. సోమవారం గైడ్ సార్ చేతికిస్తే సైన్సు పత్రికకు వెళుతుంది. అది నా మొదటి పేపరు. అది లేకపోతే థీసిస్ ముందుకు కదలదు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. ఆయన దవాఖానలో ఏళ్ళ తరబడి మనుషులకు ఎక్స్‌రేలు తీసి రిటైరైనవాడు. "నీ ఎక్స్‌రే జర సూపియ్యి బిడ్డా" అన్నాడు.

చూపించాను. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు. క్వేజార్ చుట్టూ ఒక వృత్తం గీసి అందులోని చుక్కలు లెక్కపెడతాం. ఖాళీ ఆకాశంలోనూ కొన్ని చుక్కలు పడతాయి కాబట్టి, పక్కన చీకట్లో అంతే వృత్తం గీసి, అక్కడి చుక్కల్ని ఇందులోంచి తీసేస్తాం. మిగిలిందే క్వేజార్ వెలుగు. ఆయన మొదటి వృత్తాన్ని వదిలేసి రెండోదాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"గీడ ఏముంది?"

"ఏం లేదు నాన్నా. ఖాళీ జాగ."

"ఖాళీ జాగల గిన్ని చుక్కలు ఒక్కకాడ ఎందుకున్నయ్? మేము ఇరిగిన బొక్క సంగతి తర్వాత చూసేటోళ్ళం. ఏమీ ఉండొద్దన్న మూల ముందుగాల చూసేది. గాడ మచ్చుంటే ఫిల్మ్ పక్కకు పెట్టి మళ్ళ తీసేది."

"ఇది కాలిరిగిన మనిషి కాదు. నీకు తెలువని దాంట్ల వేలు పెట్టకు" అన్నాను. ఆయన మళ్ళీ చిక్కుడుకాయల వైపు తిరిగాడు.

ఆయనదే తప్పని తేల్చడానికి కొన్నేళ్ళ కిందటి పాత ఫొటో తెరిచాను. అందులో ఆ చోటు నిజంగానే ఖాళీ. కొత్తదాంట్లో మాత్రం అక్కడ ఇంకేదో వెలుగుతోంది. పేపరు రాసేటప్పుడు మళ్ళీ గీసే ఓపిక లేక, పాత ఫొటోలో చీకటి మీద గీసిన వృత్తాన్నే తెచ్చి కొత్తదానికి అతికించాను. మా పనిలో చాలామంది అలాగే చేస్తారు. దాంతో ఆ పక్కదాని చుక్కలన్నీ నా క్వేజార్ లెక్కలోంచి పోయి, అది మసకబారినట్టు కనబడింది. వృత్తాన్ని జరిపి మళ్ళీ లెక్కేశాను. క్వేజార్ ఎప్పటిలాగే దివ్యంగా ఉంది. నాకే ఏడుపొచ్చింది.

సోమవారం బషీర్‌బాగ్ వెళ్ళి గైడ్ సార్‌కు పేపరు లేదని, ఎందుకు లేదో చెప్పాను. "బయటికి పోకముందే దొరికింది, నయం. ఎవరు పట్టుకున్నరు?" అని అడిగారు. మా నాన్న అని తలెత్తే చెప్పాను.

ఇంటికి రాగానే నాన్న "ఇచ్చినవా?" అన్నాడు.

"లేదు. నువ్వన్నదే నిజం. ఆ పేపర్ ఇగ పనికిరాదు."

ఆయన మొహం చిన్నబోయింది. "నేను నోరు మూసుకుంటే నీ పని అయిపోతుండె గద. ఇగ నీ ఫొటోల జోలికి రాను బిడ్డా."

తప్పు చేసింది నేను, తప్పు ఒప్పుకుంటున్నది ఆయన. వెంటనే ఇంకో ఫొటో తెరిచి, కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టాను. "నువ్వు చూడకుండ ఏదీ బయటికి పంప" అన్నాను.

ఆయన తెర వైపు చూడలేదు. నా మొహంలోకి చూస్తూ, "చెప్తే కోపం చెయ్యవు గద?" అన్నాడు.