దర్జీ రాజం వర్ణనాతీతం

లక్సెట్టిపేటలో దర్జీ రాజం దేన్నీ వర్ణించేవాడు కాదు. ఏదడిగినా ఒకటే మాట: "వర్ణనాతీతం!"

నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాడు. వయసు యాభై దాటాక, 1956లో కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, తెలుగు పేపరు కూడబలుక్కుంటుంటే గోదావరి వరద వార్తలో ఈ మాట తగిలింది. "చెప్పెతందుకు మాటలు చాలయని చెప్పెతందుకు గూడ ఓ మాటున్నది! ఏం భాషరా బై!" అని మురిసిపోయి మూడు రోజులు మిషను తొక్కలేదు.

ఇక ఉప్పులేని పప్పూ వర్ణనాతీతమే, అల్లుడి పంటినొప్పీ వర్ణనాతీతమే. రెండో బిడ్డకు సంబంధం చూసొచ్చిన రోజూ అంతే.

"పిలగాడు ఎట్లున్నడు?" అంది భార్య చంద్రవ్వ.

"వర్ణనాతీతం."

"నలుపా తెలుపా జెప్పవయ్యా!" అని ఆమె తల కొట్టుకుంది.

అలాగని చూపు తక్కువా? టేపు పట్టేవాడే కాదు. మనిషి వీధిలో నడిచిపోతే చాలు, చొక్కా అచ్చంగా కుదిరేది.

ఓ రోజు కొత్తగా వచ్చిన జంగ్లాత్ జవాను, అంటే అడవి కాపలావాడు, ఎర్ర గళ్ల పేలిక తెచ్చి మిషను మీద పెట్టాడు. పక్క కిరాణం దుకాణం నాదే.

"ఒకామె అడవిల కట్టెలు కొట్టి, నన్ను జూసి ఉరికింది. ముండ్లకు రవిక చిరిగి గీ ముక్క దొరికింది. ఇదెవలది? కేసు రాయాలె," అన్నాడు జవాను.

నేను చూడగానే గుర్తుపట్టాను. ఆ రవిక కిందటి దసరాకు రాజమే ఐలవ్వకు కుట్టాడు. మొగుడు పోయాక ఆమె కట్టెమోపులమ్మి ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. ఆమె మీద కేసయితే పిల్లలకు గంజి కూడా దొరకదు.

రాజం పేలికను వెలుతురుకు పట్టి చూశాడు. "అబ్బ! ఏం కుట్టు! వర్ణనాతీతం!"

"కుట్టు గాదయ్యా, మనిషి ఎట్లుంటది?"

"వర్ణనాతీతం."

"పొడుగా, పొట్టిదా?"

"వర్ణనాతీతం సార్."

"నీకేమన్న పిచ్చా?"

"అదిగూడ వర్ణనాతీతమే."

జవాను నావైపు తిరిగాడు. "ఈయన ఎప్పుడు గిట్లనేనా?"

"ఎనిమిదేండ్ల సంది గిట్లనే సార్," అన్నాను. అబద్ధమేముంది!

అతడు పేలికను అక్కడే విసిరేసి, మా ఇద్దరినీ తిట్టుకుంటూ పోయాడు.

తెల్లారి ఐలవ్వ చిరిగిన రవికను కొంగుచాటున పట్టుకుని వచ్చింది. రాజం రవిక అందుకున్నాడు. సొరుగులోంచి పేలిక తీసి అతికాడు. అతుకెక్కడో దేవుడికే తెలియాలి. జరిగిందంతా నేనే చెప్పాను.

ఐలవ్వ కళ్లు తుడుచుకుంది. "రాజన్నా, నువ్వు జేసిన మేలు ఏమని జెప్పాలె..."

"చెప్పకు చెల్లె," అన్నాడు రాజం, సూదిలో దారం ఎక్కిస్తూ. "అందుకేనాయె, గా మాట ఉన్నది."