నాన్న పగటి నిద్ర, అమ్మ పుదీనా మడి

మిత్రులందరికీ సగౌరవంగా తెలియజేయునది ఏమనగా... మా వంటింటి కిటికీలో పెట్టిన పుదీనా కాడ ఈ ఉదయం మూడో ఆకు వేసింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ ఆకు చూడగానే బిలాస్‌పూర్‌లో మా చిన్ననాటి రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది...

నాన్నకి షెడ్డులో రాత్రి డ్యూటీ. పగలు నిద్రపోవాలి. మండు వేసవిలో ఆ పెంకుల కింద నిద్రెక్కడిది? తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. అది ఆరిపోగానే లేచి కూర్చునేవాడు. రాత్రి ఇంజన్ల మధ్య కళ్ళు మూతలు పడితే ఏమవుతుందోనని అమ్మకి బెంగ. ఒక టేబుల్ ఫ్యాను కొనాలి... జీతంలో మిగలదు.

అందుకే పెరటి కుళాయి పక్కన పుదీనా వేసింది. పెట్టుబడి లేదు, అంట్లు కడిగిన నీళ్ళే తడి. కోసిన కొద్దీ చిగురిస్తుంది. మస్తూరీ వైపు పల్లెల నుంచి బజారుకొచ్చే పుదీనా ఎండకి దారిలోనే వడలిపోయేది. అందుకే వేసవిలో మా పచ్చటి కట్టకి గిరాకీ... కట్ట పావలా. ఇంటింటికీ తిరిగి అమ్మేది నేను.

పైపైన కత్తెరతో కొయ్యమనేది అమ్మ. నేను వేళ్ళతో సహా పీకేసేవాణ్ణి. కట్ట లావుగా కనబడుతుంది కదా!

కొన్నవాళ్ళు ఆకులు పచ్చడి చేసుకుని, వేళ్ళు తమ కుళాయిల దగ్గర గుచ్చుకున్నారు. నెల తిరిగేసరికి మా క్వార్టర్ల లైనంతా పుదీనా... మా మడి మాత్రం సగం బోసి.

"ఏటిరా ఇది? మడి ఇలాగైపోనాది?" అంది అమ్మ.

"మేక మేసీసిందమ్మా."

"అచ్ఛా! ఏళ్ళు కూడా పీకీసి తినీసిందా నీ మేక?"

కొట్టలేదు. లోపల నాన్న అటూ ఇటూ దొర్లుతుంటే అటే చూస్తూ నిలబడింది.

మర్నాడు మిగిలిన కట్టలు పట్టుకుని బయల్దేరాను. మూడో క్వార్టర్ పిన్ని పెరట్లో పుదీనా గుబురుగా ఉంది. సిగ్గేసి వెనక్కి తిరిగాను.

"ఒరే గుంటడా, ఎక్కడికెల్లిపోతన్నావు? రెండు కట్టలియ్యి."

"మీకూ ఉంది కదా పిన్నీ..."

"నాది నా పచ్చడికిరా. ఇది మీ నాన్న నిద్రకి. మీ అమ్మకి సెప్పీకు."

ఆ పక్క క్వార్టర్లోనూ కొన్నారు... ఆ పక్కనా కొన్నారు... లైనంతా కొన్నారు. వేసవి పోయేలోగా ఫ్యాను వచ్చింది.

ఇప్పుడు పుదీనా ప్యాకెట్లో వస్తోంది... వేళ్ళు కోసేసి. పక్కింట్లో ఎవరికి నిద్ర పట్టడం లేదో మనకి తెలియడం లేదు. మీ లైన్లోనూ అలాంటి పిన్ని ఉండే ఉంటుంది... ఆవిడ గురించి కింద నాలుగు ముక్కలు రాయండి.

ఇక నేను కల్పించినవి ఒప్పేసుకుంటున్నాను. మూడో ఆకు లేదు, రెండే. లైనంతా కొన్నారన్నది అబద్ధం. కొన్నది పిన్ని ఒక్కతే... రోజూ రెండు కట్టలు, వేసవంతా.

ఫ్యాను వచ్చింది కూడా వేసవిలో కాదు, చలికాలంలో. నాన్న దుప్పటి కప్పుకుని మరీ, ఆ ఫ్యాను వేసుకుని పడుకున్నాడు.