నీరు లేని ఏరు

పెద్దవాళ్ళంతా కులాసాయేనా? మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? చక్కెర జబ్బున్నవాళ్ళు మాత్ర వేసుకున్నారా? కోడళ్ళు వేళకు తింటున్నారా? పిల్లల దగ్గు తగ్గిందా? వరుసగా అందరినీ అడిగితేగాని నాకు స్థిమితం ఉండదు. ఆ వరుసలో ఇప్పుడొకరు తగ్గారు. మా పక్కింటి అక్క పోయిన మంగళవారం అరియాంకుప్పంలో కన్నుమూసింది. ఆమె కూతురు ఫోనులో ఆ మాట చెబుతున్నా, అమ్మ అన్నం తిన్నదా, నొప్పి పడిందా అని నేను అడుగుతూనే ఉన్నాను.

మన పాండిచ్చేరి తెలుగు ఇళ్ళలో పెళ్ళికి పసుపు దంచేటప్పుడు పాడే పాట మీకందరికీ తెలుసు.

ఏరు ఏరంటావు, ఏదిరా మావా?
నీరు లేని ఏటిలో మునిగితిని మావా!

గోదావరి ఒడ్డున పుట్టిన పాతపాట అని చాలామంది అంటారు. కాదు. ఆ అక్క కట్టింది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నేనూ పోతే చెప్పేవాళ్ళుండరన్న బెంగతో రాస్తున్నాను. పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి.

డెబ్బైలలో వాళ్ళ నాన్నకు యానాం నుంచి పాండిచ్చేరికి బదిలీ అయితే, మా పక్కింట్లో దిగారు. అక్కకు తమిళం ఒక్క ముక్క రాదు. ఒకరోజు ఇద్దరం అరియాంకుప్పం మీదుగా పోయే బస్సులో వీరాంపట్టినం గుడికి బయలుదేరాం. బస్సు దగ్గర కండక్టరు "ఏరు, ఏరు!" అని ఒకటే కేకలు. తమిళంలో ఎక్కమని అర్థం. అక్క మెట్టు మీద పెట్టిన కాలు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఏరొచ్చిందంటున్నాడే! నేనెక్కను బాబూ, నాకు ఈత రాదు."

"ఏరూ లేదు గీరూ లేదక్కా. ఎక్కమంటా ఉండాడు."

ఏమిటని కండక్టరు అడిగితే చెప్పాను. బస్సంతా నవ్వింది. అక్క ముఖం కందగడ్డలా అయింది. ఆ తరువాత ఎవరినడిగి నేర్చుకున్నాడో, మళ్ళీ మేము కనబడగానే అతను గట్టిగా అన్నాడు: "ఏరు పోయింది అమ్మా, ఏరు!"

మొదటి ఏరు మన తెలుగుది, రెండోది తమిళానిది. అక్క నవ్వు ఆపుకోలేక నా భుజం గిల్లింది. ఆమెకు నవ్వు, ఎవరైనా చూస్తారేమోనని నాకు భయం.

నా పెళ్ళికి పసుపు దంచుతూ ఆ పాట మొదటిసారి పాడింది. ఆడవాళ్ళంతా అక్కడికక్కడే నేర్చేసుకున్నారు. ఆపైన ఆ కండక్టరునే పెళ్ళి చేసుకుని అరియాంకుప్పంలో కాపురం పెట్టింది. వాళ్ళ నాన్న ఆమె పేరెత్తడం మానేశారు.

అక్క బజారు పనిమీద వచ్చినప్పుడల్లా పెరటి మునక్కాయలు తెచ్చేది. పుట్టింటి గుమ్మం ముందు నడక తగ్గించి, చిన్నగా దగ్గి, మా ఇంట్లోకి వచ్చేది. మునక్కాయలు మా అమ్మ చేతిమీదుగా గోడ దాటేవి. పులుసు బాగుందని వాళ్ళ నాన్న రెండోసారి వడ్డించుకున్నారని వింటే అక్కకు ఆ రోజుకి అది చాలు. ఆయన ఒక్కసారి తన ఇంటికొచ్చి భోంచేయాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. నేను ఏదో ఒకదానికి హడలిపోతుంటే, "భయపడితే పడవే, బస్సు మాత్రం వదులుకోకు" అనేది.

ఇంతలో పాట ఇల్లిల్లూ తిరిగింది. అది వింటే వాళ్ళ నాన్నకు కళ్ళు చెమర్చేవి. "ఇది మా గోదారి పాటండీ. ఎండల్లో ఏరు ఇంకిపోయినప్పుడు ఎవరో పిల్ల కట్టుంటుంది" అని అందరికీ చెప్పేవారు.

ఎనభైలలో మా చెల్లెలి పెళ్ళి. పసుపు దంచుతున్నాం. ఆయన మా అరుగు మీద కూర్చుని, "ఆ గోదారి పాట ఇంకోసారి పాడండమ్మా" అన్నారు. అక్క లోపల, వంటింటి గుమ్మం పక్కనే ఉంది. మా అమ్మ రోకలి పక్కన పెట్టేసింది.

"గోదారి యాడుండాదన్నా? అది అరియాంకుప్పం బస్సు! ఎక్కమని మీ అల్లుడు అరిస్తే, ఏరొచ్చిందని మీ కూతురు బెదిరిపోయింది. ఎవరో పిల్ల ఏంది? కట్టింది మీ పిల్లే!"

ఆయన పడిపోతారేమోనని నేను చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తాను. తాగారు. లోపల్నుంచి అక్క దగ్గు వినబడింది.

"నీళ్ళు లేకపోయినా మునిగిందన్నమాట" అన్నారు చివరికి. తరువాత వంటింటి వైపు తిరిగి, గొంతు పెంచి, "ఏమ్మా, అతనికి ఆదివారం డ్యూటీ ఉంటుందా?" అని అడిగారు.

అక్క పసుపు చేతులతోనే గుమ్మం పట్టుకుని నిలబడింది. "సెలవు పెడతారు నాన్నా."

"అయితే పెట్టమను. భోజనానికి వస్తాను."

"ఈ ఆదివారమా, పై ఆదివారమా?"

"ఈ ఆదివారమే."