ప్రశ్నలు వెతికే మాస్టారు

వెంకటప్పయ్య మాస్టారి నోట "తప్పు" అన్న మాట విన్నవాళ్లు మంగళగిరిలో ఎవరూ లేరు. పిల్లాడు ఎంత అడ్డదిడ్డంగా జవాబు చెప్పినా ఆయన తల పంకించి, "జవాబు లక్షణంగా ఉంది. దీని ప్రశ్న ఏమై ఉంటుందో వెతుకుదాం" అంటారు. అని ఊరుకోరు. నిజంగానే వెతుకుతారు.

ఆయన చెప్పేది సోషల్. ఓసారి పదో తరగతిలో కృష్ణానది ఎక్కడ పుట్టిందని అడిగితే సాత్విక్ అనే కుర్రాడు లేచి, "ప్రకాశం బ్యారేజీ దగ్గరండి" అన్నాడు. వాడు రోజూ బస్సులో ఆ బ్యారేజీ మీదుగానే బడికి వస్తాడు. వాడి కృష్ణ అక్కడే మొదలవుతుంది.

"జవాబు లక్షణంగా ఉంది. ప్రశ్నేమిటి?"

"నీళ్లు ఎక్కడ ఆపుతారు అనండి" అన్నారొకరు.

"కాలవలకి ఎక్కణ్ణుంచి వదుల్తారు అనండి" అన్నారింకొకరు.

"అదీ సంగతి. మరి బ్యారేజీకి ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

సాగర్ అన్నారు, శ్రీశైలం అన్నారు, ఇంకా పైకి పోయారు. గంట కొట్టే వేళకి క్లాసు క్లాసంతా సాత్విక్‌ని వెంటబెట్టుకుని నదికి ఎదురెక్కి మహాబలేశ్వరం చేరుకుంది.

పరీక్ష పేపర్లలోనూ ఇదే వరస. తేడా జవాబుకి మార్కు వేయరు, ఆ విషయంలో మహా కచ్చితం. ఇంటూ మార్కు మాత్రం పెట్టరు. దాని పక్కన, ఆ జవాబు ఏ ప్రశ్నకి సరిపోతుందో ఆ ప్రశ్న రాస్తారు. హెడ్‌మిస్ట్రెస్ ఛాయాదేవి గారు ఓ కట్ట తిరగేసి, "మాస్టారూ, ఈ పరీక్ష రాసింది పిల్లలా, మీరా?" అని అడిగారు.

ఇంట్లో ఆయన భార్య సుబ్బరత్నం ఓ పొద్దున కాఫీలో పంచదారకి బదులు ఉప్పు వేసింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "ఉప్పు సరిగ్గా సరిపోయింది. మజ్జిగలో వేసుంటే తిరుగులేదు" అన్నారు. విజయవాడ బస్టాండులో పరధ్యానంగా హనుమాన్ జంక్షన్ బస్సెక్కి, కండక్టరు టికెట్ అడిగినప్పుడు సంగతి తెలిసి, "బస్సు మంచిదేనండీ, నేను వెళ్లాల్సిన ఊరే వేరు" అని మర్యాదగా చెప్పి రామవరప్పాడులో దిగారు. బస్సుని కూడా నొప్పించని మనిషి.

ఇదే బళ్లోకి మూడేళ్ల కిందట లెక్కల మాస్టారుగా జయపాల్ వచ్చాడు. ఊరు ఇబ్రహీంపట్నం. మనిషి మంచివాడే, ఆ మంచితనాన్ని క్లాసు బయట వదిలి లోపలికి వెళ్లేవాడు. పిల్లవాడి జవాబు సగంలో ఉండగానే "తప్పు, కూర్చో, నెక్స్ట్" అనేవాడు. చాక్‌పీసు విసిరితే ఆఖరి బెంచీలో నిద్రపోయేవాడి నుదుటికి తగిలేది. లెక్కల కన్నా ఆ గురి మీదే ఆయనకి ఎక్కువ నమ్మకం. ఇప్పుడు ఈ సంగతులన్నీ జయపాలే అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు, కాని అప్పట్లో ఆయన నవ్వేవాడు కాదు.

వచ్చిన కొత్తలో స్టాఫ్‌రూములో, "మాస్టారూ, నా క్లాసులో సూది పడినా వినిపిస్తుందండీ. మీరేమంటారు?" అని గర్వంగా అడిగాడు.

వెంకటప్పయ్య మాస్టారు, "పరీక్ష హాలుకి మీ అంతవాడు లేడండీ" అన్నారు.

జయపాల్ పొంగిపోయి ఇంటికెళ్లి భార్య క్రిస్టినాతో చెప్పుకున్నాడు. ఆ ఆదివారం కూడా మళ్లీ చెప్పి చేపల పులుసు రెండోసారి వడ్డించుకున్నాడు.

మూడో ఏడు ఛాయాదేవి గారు జయపాల్ పదో తరగతి క్లాసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గంటసేపు ఒక్క పిల్లా నోరు విప్పలేదు. ఆయనే అడిగి ఆయనే జవాబులు చెప్పుకున్నాడు. బయటికొచ్చాక ఆవిడ, "జయపాల్ గారూ, మీ క్లాసులో మీరొక్కరే చదువుకుంటున్నారండీ. శుక్రవారం మళ్లీ వస్తాను. అప్పుడూ పిల్లలు మాట్లాడకపోతే టెన్త్ లెక్కలు లక్ష్మీకాంత్ మాస్టారికి ఇచ్చేస్తాను" అన్నారు.

లెక్కల మాస్టారికి టెన్త్ తీసేయడమంటే పెళ్లికొడుకుని పీటల మీంచి లేపడమే. జయపాల్ కోపం మొదట పిల్లల మీదికి పోయింది. ముందు బెంచీలో శ్రీదుర్గ అని ఓ అమ్మాయి ఉంది, మగ్గం నేసేవాళ్ల పిల్ల. ఏ ప్రశ్న అడిగినా డెస్కు కేసి చూస్తుంది. ఈ పిల్లకి మాటలే రావని ఆయన గట్టి నమ్మకం. మర్నాడు వరండాలో వెళ్తుంటే వెంకటప్పయ్య మాస్టారి క్లాసులోంచి అదే పిల్ల గొంతు ఖంగుమని వినిపించింది. ఆగి కిటికీలోంచి చూస్తే, లేచి నిలబడి సాత్విక్‌తో వాదించేస్తోంది. కవలలేమో అనుకున్నాడు జయపాల్. కవలలు ఒకే జడకి ఒకే ఎర్ర రిబ్బను కట్టుకుని ఒకే బళ్లో వంతులేసుకుని చదవరని తట్టడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. లెక్కల బుర్ర మరి.

సిగ్గు విడిచి పెద్దాయన్నే అడిగాడు. "మాస్టారూ, మీ దగ్గర వాగే పిల్లలు నా దగ్గర ఎందుకు బిగుసుకుపోతారండీ?"

"ఏ పిల్లాడూ జవాబు గాల్లోంచి తేడండీ. ఏదో ఒక ప్రశ్నకి చూసుకునే తెస్తాడు. మనం అడిగింది అది కాదు, అంతే. అదేమిటో కనుక్కుంటే రెండోసారి కూడా తెస్తాడు. విసిరికొడితే మళ్లీ ఎందుకు తెస్తాడు చెప్పండి?"

జయపాల్ ఆ రాత్రే ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. క్రిస్టినా, "పాలు తెచ్చారా?" అంది.

"పెరుగు తెచ్చాను."

"నేను పెరుగు అడిగానా?"

"జవాబు లక్షణంగా ఉంది. ప్రశ్న ఏమై ఉంటుందో..."

"ప్రశ్న పాలండీ. ముందెళ్లి తెండి."

క్లాసులో పరిస్థితి ఇంకా దారుణం. నాలుక చివరిదాకా వచ్చిన "తప్పు"ని మింగి నవ్వబోతే ఆ మొహం చూసి పిల్లలు హడలిపోయారు. సారు అరిస్తే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు, నవ్వితే ఏం చెయ్యాలో తెలియదు. గురువారం సాయంత్రం సాత్విక్ దగ్గరికొచ్చి, "సార్, మీకు ఒంట్లో బాలేదాండి?" అని అడిగాడు. మూడేళ్లలో ఆ క్లాసులో ఓ పిల్లవాడు తనంతట తాను వేసిన మొదటి ప్రశ్న అదే. ఆ రోజు జయపాల్‌కి నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఛాయాదేవి గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. జయపాల్ బోర్డు మీద ఓ వృత్తం గీసి, "వ్యాసార్థం ఏడు సెంటీమీటర్లు. వైశాల్యం ఎంత?" అని అడిగాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మళ్లీ అడిగాడు. మళ్లీ ఫ్యానే. వెనక ఆవిడ పెన్ను మూత తీశారు. ఇక లాభం లేదని జయపాల్ తనే బోర్డు వైపు తిరిగి గబగబా లెక్క చేసి, నలభై నాలుగు అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

వెనక్కి తిరిగితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బోర్డు చూశాడు. ఎక్కడో తేడా కొట్టిందని తెలుస్తోంది, ఎక్కడో మాత్రం కనిపించడం లేదు. మూడేళ్లుగా "తప్పు, కూర్చో" అన్నవాడికి ఆ మాట ఎవరైనా అంటే కూర్చోడానికి కుర్చీ కూడా లేదు.

శ్రీదుర్గ మెల్లగా లేచింది. డెస్కు కేసి చూడలేదు, ఆయన కేసి చూసింది.

"సార్, మీ జవాబు లక్షణంగా ఉందండి."

"దాని ప్రశ్న చుట్టుకొలతండి. మీరు అడిగింది వైశాల్యమండి."

జయపాల్ బోర్డు చూశాడు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మొహం ఎర్రబడింది. ఆ వెంటనే, ఏ సాధనా అక్కర్లేకుండా, ఆయనకి నవ్వొచ్చింది. ఒంట్లో బాగున్నవాడి నవ్వే కావడంతో పిల్లలూ నవ్వేశారు.

"మరి వైశాల్యం ఎంతమ్మా?"

శ్రీదుర్గ నోరు తెరిచేలోపు నలుగురు ఒకేసారి చెప్పారు. ఒకరు నూట యాభై నాలుగన్నారు, ఒకరు నూట నలభై ఏడన్నారు, సాత్విక్ మాత్రం నలభై తొమ్మిదన్నాడు.

"నలభై తొమ్మిది లక్షణంగా ఉంది" అన్నాడు జయపాల్. "దీని ప్రశ్నేమిటి?"

"ఏడేళ్లెంత అనండి" అంది క్లాసు ఒక్క గొంతుతో. సాత్విక్, "దాన్ని పైతో గుణించడం మర్చిపోయానండి" అని తనే ఒప్పేసుకున్నాడు. వెనక బెంచీలో పెన్నుకి మూత పడింది.

టెన్త్ నిలబడింది. జయపాల్ తిన్నగా స్టాఫ్‌రూముకి పోయి వెంకటప్పయ్య మాస్టారి ఎదుట కూర్చున్నాడు.

"మాస్టారూ, అప్పట్లో నా క్లాసు ఎలా ఉందంటే, పరీక్ష హాలుకి నా అంతవాడు లేడన్నారు. పొగడ్తనుకుని ఇంట్లో కూడా చెప్పానండీ."

"పొగడ్తేనండీ" అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ. "మీరు జవాబుగా లక్షణంగా ఉన్నారు. ప్రశ్న మీకే దొరుకుతుందని మూడేళ్లుగా చూస్తున్నాను."

తనని కూడా ఈయన ఇన్నాళ్లూ బెంచీలో కూర్చోబెట్టి ఓపిగ్గా చదివిస్తున్నారని, ఒక్కసారి కూడా తప్పు అనలేదని జయపాల్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఆయన చేతులు పట్టుకుని వదిలేసి, బస్సుకి వేళైందని లేచాడు.

ఆ సాయంత్రం ఇబ్రహీంపట్నంలో దిగి, ఇంట్లో ఏ ప్రశ్న ఎదురవుతుందో తెలియదు కాబట్టి, పాలూ పెరుగూ రెండూ కొనుక్కుని ఇంటికెళ్లాడు.