వ్యాను బ్రేకుల ఎర్ర కారు

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా "వద్దు" అంటే చాలు, ఆ పని చేసి తీరాలనిపించేది. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు! అనకాపల్లిలో అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు వెలుగుతున్న కాలమే.) పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం. మిషన్ల విడిభాగాలు కొలిచి, సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పడం నా పని. చేతిలో జీతం, మెడలో గుర్తింపు కార్డు, తల నిండా పొగరు. ఈ మూడూ కలిసి, విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి వాడి వాడి వదిలేసిన రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారును మా వాకిట్లోకి తెచ్చాయి. ఇంట్లో చెప్పి కొన్నావా అంటారేమో, కొన్నాక చెప్పాను.

దాని పరుగుకి వంక పెట్టలేం. ఆగడమంటేనే దానికి ఇష్టం ఉండేది కాదు. బ్రేకు తొక్కితే, "అలాగే, చూద్దాం" అన్నట్టు తీరిగ్గా కొంతదూరం వెళ్లి ఆగేది. ఒకరోజు బెల్లం మార్కెట్ దగ్గర అలాగే వెళ్లి వెళ్లి, ఆగి ఉన్న రిక్షాలోని బెల్లం దిమ్మల్ని ముద్దు పెట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, కబురు మాత్రం నాకంటే ముందే ఇంటికి చేరింది. మా పెదనాన్న చెరకు రైతు. మా నాన్న అన్నగారి మాట జవదాటని మనిషి. అంచేత మా ఇంట్లో తీర్పులన్నీ పెదనాన్నవే.

"ఆగని బండి గుమ్మంలో ఉండకూడదు. ఆదివారం బేరగాడిని తెత్తాను. అమ్మేద్దుం," అన్నాడు.

"బ్రేకులు బాగు చేయిత్తాను పెదనాన్నా."

"ఏటి సేయిత్తావే అమ్మీ? ఆడపిల్లవి, నీకు స్కూటీ సాల్దేటి?"

ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే, బహుశా నేనే అమ్మేసేదాన్నేమో!

మర్నాడే షోరూముకి వెళ్లాను. స్పోర్ట్స్ కార్లకు పెట్టే పెద్ద బ్రేకులు విదేశాల నుంచి రావాలన్నారు. ధర విని మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను. అప్పుడు తెలిసింది, అదే కంపెనీ అమ్మే ఏడు సీట్ల వ్యానుకీ నా కారుకీ అడుగుభాగం చాలావరకు ఒకటేనని. బరువు మోయాలి కనుక వ్యాను బ్రేకులు పెద్దవి. ఏడుగురిని పెళ్లి సామాన్లతో సహా ఆపగలిగినవి నన్నొక్కదాన్ని ఆపలేవా? పాత సామాన్ల షాపులో ఇంజిను పోయిన వ్యాను ఒకటి దొరికింది. చున్నీ నడుముకి బిగించి దానికింద దూరి, డిస్కులూ బోల్టు రంధ్రాల మధ్య దూరమూ కొలిచాను. అచ్చంగా సరిపోయాయి.

గ్యారేజీ చాచా మాత్రం తల అడ్డంగా ఊపాడు. "నై బేటీ. గాడిదకి గుర్రం కాళ్లు పెట్టమంటే ఎలాగమ్మా?"

"ఇందులో గాడిద ఎవరు చాచా?"

"అది తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు గానీ, స్పానరు అందుకున్నాడు.

డిస్కులు ఎక్కాయి, కొత్త ప్యాడ్లు ఎక్కాయి. చక్రం మాత్రం ఎక్కలేదు. బ్రేకు పెద్దదై లోపల రిమ్ముకి తగులుతోంది. (కొలతలే వృత్తిగా బతికే మనిషిని, చక్రం లోపల కొలవడం మరిచాను.) చాచా తిట్టడానికి బదులు టీ తెప్పించాడు. అదే ఇంకా మంట. తిరిగి ఆ షాపుకే వెళ్లి వ్యాను చక్రాలు కూడా పట్టుకొచ్చాను. ముందు నల్లటి ఇనప చక్రాలు, వెనక తళతళలాడే సొంత చక్రాలు! "ఏటమ్మా, ముందుకాళ్లు మావయ్యవీ, ఎనకకాళ్లు మేనల్లుడివీనా?" అని వీధి వీధంతా నవ్వింది. నవ్వనివ్వండి. ఖాళీ మైదానంలో, పక్కన చాచా కలమా చదువుకుంటుండగా, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా తొక్కి చూశాను. కారు కుక్కిన పేనులా ఆగింది.

ఆదివారం బేరగాడు చలువ కళ్లద్దాలతో దిగాడు. అతను నా పక్కన కూర్చున్నాడు. వెనక సీటనే అరలో పెదనాన్నని ఎలాగో మడిచి కూర్చోబెట్టాం. కొండకర్ల దారిలో జోరుగా పోతుంటే, చెరకు ట్రాక్టరొకటి పొలంలోంచి తిన్నగా రోడ్డు మీదకొచ్చి అడ్డంగా నిలబడింది. తొక్కాను. కారు పక్కకి జారకుండా, ట్రాక్టరుకి బారెడు దూరంలో నిలిచిపోయింది. చలువ కళ్లద్దాలు ఎగిరి అద్దానికి కొట్టుకున్నాయి. "ఓలమ్మో!" అంటూ పెదనాన్న తలకాయ మా ఇద్దరి మధ్యకి వచ్చేసింది.

బేరగాడు కళ్లద్దాలు ఏరుకుంటూ, "అబ్బ, ఏం బ్రేకండీ! ఇంక ఆలోచించేదేటి, బండి నాదే," అన్నాడు. పెదనాన్న అక్కణ్నుంచే అతని చేతిలో చెయ్యేశాడు. కారుని నిలుపుకుందామని పడ్డ పాట్లన్నీ దాన్ని అమ్మడానికే పనికొచ్చాయన్నమాట! తాళంచెవి లాగి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"అమ్మను."

"మాటిచ్చేసేనే!"

"మాట నీది, బండి నాది. ఆగదని అమ్మమన్నావు. ఇప్పుడు ఆగింది కదా, ఇంకేటి?"

పెదనాన్న బేరగాడిని లేపి దిగాడు. పంచె సర్దుకుని, ఆ చెరకు ట్రాక్టరే ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. బేరగాడిని నేనే దింపాను. దారి పొడుగునా ఆ వ్యాను సామాన్లు ఎక్కడ దొరుకుతాయని ప్రాణం తీశాడు.

ఆ చెరకు కోతలయ్యేదాకా పెదనాన్న నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో వచ్చి, గోడకి చెబుతున్నట్టు, "కోటవురట్లలో పెళ్లి. బస్సు ఎల్లిపోయింది," అన్నాడు. ముందు సీట్లో కూర్చుని, ప్రతి మలుపులోనూ నాకంటే ముందు తనే కాలు నేలకేసి తొక్కాడు. తీరా పెళ్లిలో వియ్యాలవారి ముందు, "మా అమ్మి బండి ఆగిందంటే ఆగినట్టే. ఆ బ్రేకులు నానే ఏయించేను," అంటున్నాడు! "నువ్వు కాదు, నేను," అన్నాను అందరూ వింటుండగానే. పెదనాన్న విస్తట్లో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే విరగబడి నవ్వాడు.

ఇప్పుడు నాది బుద్ధిమంతురాలైన తెల్ల కారు. నేను తొక్కకముందే అదే ఆగుతుంది. రోడ్డు మీద గీత దాటితే కూత పెడుతుంది, బెల్టు మరిచిపోతే సణుగుతుంది. నేను అన్నిటికీ తలూపుతుంటాను. నడుముకి చున్నీ బిగించిన ఆ పిల్ల చూస్తే పగలబడి నవ్వుతుందనుకుంటాను. అలా అనిపించిన రోజున, కొండకర్ల దారి ఖాళీగా ఉన్నప్పుడు, ఒక మీట నొక్కి దాని కూత ఆపేసి, కాసేపు నా ఇష్టం వచ్చినట్టు నేనే నడుపుకుంటాను.