అక్క కోసం బిగించిన బ్లేడు

మా అక్క ఇంటి గుమ్మం నుంచి ఏటిగట్టు వరకు ఉన్నదాన్ని పంచాయతీ వాళ్లు రోడ్డు అంటారు. మేమూ మర్యాద కొద్దీ అలాగే అంటాం. లంక పొలాల మధ్య మట్టి ఎత్తుగా పోసి, పైన గ్రావెల్ పరిచిన బాట అది. ఒక పక్క అరటి, ఇంకో పక్క కొబ్బరి. మామూలు రోజుల్లో దాని మీద ఆటో నడుస్తుంది. గోదావరి పొంగి తీసిన తర్వాత మాత్రం నడవదు. ఏరు ఊరికే పోదు కదా, పోతూ పోతూ మోకాలిలోతు ఒండ్రు పరిచి పోతుంది. పొలంలో పడితే దాన్ని బంగారం అంటాం. రోడ్డు మీద పడితే ఏమనాలో మా తాతలు చెప్పలేదు. వాళ్లకి రోడ్డు లేదు మరి.

అక్కకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు గట్టు దాటించి, రామచంద్రపురం తీసుకెళ్లి, మెషీను ఎక్కించాలి. ఒక్క వంతు తప్పితే ఒంట్లో నీరు చేరిపోతుంది. కాళ్లు అరటిబోదెల్లా ఉబ్బుతాయి. పడుకుంటే ఊపిరి అందదు. టౌన్లో గది తీసుకుని ఉండమని అందరం చెప్పాం. వినలేదు.

"అక్కడ గదిలో నేనూ నా జబ్బూ ఇద్దరమే ఉండాలి. ఇక్కడైతే మధ్యలో గేదె కూడా ఉంటాది. మాటసాయం" అంది.

"బావ లేడా మాటసాయానికి?"

"గేదె పిలిస్తే పలుకుతాదిరా."

కిందటేడు వరద తీశాక ఆటో రాక, అక్కని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు భుజాల మీద ఎత్తుకుని గట్టు దాకా మోశారు. మోసిన నలుగురిలో నేనొకణ్ని. ఆటో ఎక్కాక అక్క చీర కుచ్చిళ్లకి అంటిన బురద గోటితో గీకుతూ, నా వైపు చూడకుండా అంది: "నన్ను నలుగురు మోసే రోజు ఒకటి వస్తాదని తెలుసు గానీ, అది కళ్లు తెరుచుకుని చూస్తానని అనుకోలేదురా. ఇంకోసారి ఇలా వద్దు."



అందుకే ఈ ఏడు వరదల ముందే నా మినీ ట్రాక్టరుకి ముందు బ్లేడు పెట్టించాలనుకున్నాను. కొబ్బరి వరసల మధ్య దూరడానికి కొన్న బండి అది. ఏడో తరగతిలో లెక్కల మేస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయిన దగ్గర్నుంచి నా చదువంతా ఇంజన్ల దగ్గరే. బావది వరి. ఆయనకి మట్టి తెలుసు, నాకు ఇనుము తెలుసు. కలిసి మండపేట బయల్దేరాం.

"పొలం చదును చేసే బ్లేడు వెనకాల ఉండనే ఉంది కదరా. దాంతో లాగేద్దాం" అన్నాడు బావ దారిలో.

"వెనకది పని మొదలెట్టేసరికి ముందు చక్రాలు ఒండ్రులో కూర్చుంటాయి బావా. నువ్వు పళ్లు తోముకున్నాక కాఫీ తాగుతావా, తాగాక తోముకుంటావా?"

"మీ అక్క ఇచ్చినప్పుడు తాగుతాను."

వెల్డింగు షాపాయన మాటకారి. మేం కూర్చోగానే ఫోను తీసి ఏదో చలిదేశం వీడియో పెట్టాడు. అచ్చం నా బండి లాంటి చిన్న ట్రాక్టరు, ముందు పచ్చ రంగు బ్లేడు, రోడ్డు మీద మంచు తోసుకుంటూ పోతోంది. మంచు పక్కకి పిండిలా ఎగిరిపడుతోంది.

"దింపేస్తానండి. దీన్ని చూసి అచ్చు దీనిలాగే" అన్నాడు.

"ఆయ్, బానే ఉందండి. కానీ ఆళ్లు తోసేది పొడి పిండి. మేం తోసేది రుబ్బిన పిండి" అన్నాను.

ఆయన దగ్గర మూడు రకాలున్నాయి. మొదటిది తిన్నటి రేకు. ఒండ్రుని ఎటూ పంపదు. ముందుకే పోగేసుకుంటూ పోతుంది, చివరికి ఆ పోగు ముందు బండే ఆగిపోతుంది. రెండోది నాగలిలా మధ్యలో ముక్కు ఉన్నది. రెండు పక్కలా గట్లు కట్టేస్తుంది, వాన పడితే రోడ్డు కాస్తా కాలవ అవుతుంది. మూడోది మధ్యలో ఇరుసు మీద తిరిగేది. పిన్ను తీసి కుడికో ఎడమకో ఏటవాలుగా తిప్పి, మళ్లీ పిన్ను వేసుకోవచ్చు. అదే తీసుకున్నాం. ఏటవాలుగా తిప్పితే బ్లేడు వెడల్పు తగ్గుతుంది కాబట్టి, తగ్గిన తర్వాత కూడా వెనక టైర్లకి అటూ ఇటూ బెత్తెడు ఎక్కువ ఉండేలా కొలిచి మరీ కోయించాను. అడుగంచు గ్రావెల్‌ని గీకెయ్యకుండా కింద రెండు ఇనప చెప్పులు పెట్టమన్నాను.

"బ్లేడుక్కూడా చెప్పులున్నాయిరా. నీకే లేవు" అన్నాడు బావ నా కాళ్లు చూసి.

షాపాయన బంపరుకి వెల్డింగు పెట్టేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా బంపరు నిమ్మకాయలు కట్టుకోవడానికే, బరువు మొయ్యడానికి కాదు. తోపుడు దెబ్బంతా ఛాసిస్ మీద పడాలి. బ్లేడూ, దాన్ని మోసే పొడుగాటి ఇనప ఛానెళ్లూ ఇంటికి తెచ్చి, అక్క గుమ్మం ముందే బిగించడం మొదలెట్టాను. ముందు ఇరుసు పక్కనున్న కంపెనీ రంధ్రాల్లో బోల్టులు వేసి, రెండు ఛానెళ్లని ఇంజను కింద నుంచి గేరుబాక్సు దాకా తీసుకెళ్లి కట్టాను. ఎత్తడానికి ముందు వైపు హైడ్రాలిక్కు లేదు. అందుకని వెనక లిఫ్టు చేతులకి పొడుగాటి రాడ్డు తగిలించి, బండి పొట్ట కింద నుంచి బ్లేడుకి కలిపాను. తోక ఎత్తితే మూతి లేచే జంతువు తయారైంది. ముందు బరువు ఎక్కువై వెనక తేలిపోకుండా ఇసక బస్తాలు కట్టాను.

అక్క కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తోంది. నోట్లో ఐసు ముక్క. చుట్టూ గోదావరి ఉన్న మనిషికి రోజుకి తాగడానికి కొలిచి పోసిన నీళ్లే. దాహం వేసినప్పుడు ఐసు ముక్క నాలిక కింద పెట్టుకుని, అది కరిగేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. కరిగాక లేచి వచ్చి బ్లేడుకి బొట్టు పెట్టింది.

"రేకుకి బొట్టు పెట్టావు. బండి కింద దూరినోడికి కాఫీ ఏదక్కా?"

"నా వాటాలో సగం ఇమ్మంటావా?"

నవ్వుదామనుకుని నవ్వలేకపోయాను. అక్క మాత్రం నవ్వింది. ఇంటి ముందు ఇసక కుప్ప తోసి చూపించాను. సాఫుగా పక్కకి వెళ్లింది. అక్క చప్పట్లు కొట్టింది. ఆ చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా లేచి ఉంది.

వరద వచ్చింది. ఏరు నిండుగా ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. పడవ అరుగు దాకా వచ్చి అక్కని ఎక్కించుకుంది. కష్టమంతా నీరు తీసేటప్పుడే. పడవకి నీరు చాలదు, ఆటోకి నేల చాలదు. ఆ మధ్యలో ఒక వంతు తప్పిపోయింది. అక్క పడుకోవడం మానేసింది. గోడకి దిండు ఆనించి కూర్చుని, నోటితో గాలి పీలుస్తోంది. రెండో వంతు తప్పడానికి వీల్లేదు.

ఆ వంతు రోజు తెల్లవారగానే, వరదకి అందకుండా అక్క ఇంటి పక్క మెరక మీద ఉంచిన బండి స్టార్టు చేశాను. ఆటోని గట్టు మీదకి రమ్మని ఫోను చేశాం. బ్లేడు ఎడమకి తిప్పి దింపాను. అరటితోట వైపు పల్లం, ఒండ్రు అటు పోవాలి. మొదట్లో అరిటాకులో పెరుగన్నం తోసినట్టు తోసింది. గేదెలపాక దాటేసరికి వెనక టైర్లు జారడం మొదలెట్టాయి. బురద టైరు గాడుల్లో నిండిపోయి, నున్నగా గుమ్మడికాయల్లా తిరుగుతున్నాయి. బండి కదల్లేదు.

"దమ్ము చక్రాలు వేసెయ్‌రా" అన్నాడు బావ.

దమ్ము చక్రాలంటే ఊడుపుల ముందు మడిలో దిగడానికి టైర్ల పక్కన బిగించే ఇనప పంజరాలు. ఎంత బురదలోనైనా బండిని దిగబడనివ్వవు. డెల్టాలో పుట్టినవాడికి బురద కనపడితే చెయ్యి దానంతట అదే వాటి మీదకి పోతుంది. చుట్టూ సాయానికొచ్చిన మనుషులున్నారు. పుట్టిన దగ్గర్నుంచి వరి తప్ప వేరే ధ్యాస లేనివాళ్లు. "అదీ మాటంటే" అన్నారంతా. నలుగురు చేతులేస్తే ఎంతసేపు? బిగించేశాం.

బండి ఏనుగులా కదిలింది. ఒండ్రు దొర్లుకుంటూ అరటి వైపు పడుతోంది. వెనక మనుషులు ఈలలు వేస్తున్నారు. బావ పక్కనే నడుస్తూ, "నీకు ఇనుమే తెలుసురా బావమరిదీ, బురద తెలీదు" అన్నాడు. ఆయన మొహంలో వారం రోజులుగా లేని వెలుగు. నేను వెనక్కి చూడలేదు. బ్లేడు తోలేవాడి చూపు బ్లేడు అంచు మీదే ఉండాలి.

గట్టు ఎక్కాను. ఆటో డ్రైవరు నించుని ఉన్నాడు. నన్ను దాటి వెనక్కి చూశాడు.

"ఏంటండీ ఇది? నారు ఎప్పుడు తెస్తున్నారు?"

అప్పుడు చూశాను. గట్టు నుంచి అక్క గుమ్మం దాకా నాట్లకి సిద్ధం చేసిన మడి ఒకటి పొడుగ్గా మెరుస్తోంది. బ్లేడు ఒండ్రుని తీసింది. వెనకాలే దమ్ము చక్రాలు రోడ్డుని దమ్ము చేశాయి. అవి ఉన్నదే అందుకు. గట్టి నేలని విరగ్గొట్టి, నీళ్లతో కలిపి మెత్తగా చెయ్యడానికి. ఇన్ని రోజులు నీళ్లలో నానిన బాట వాటికి దొరికింది. పైగా అవి టైర్ల బయటికి ఉంటాయి, నేను కొలిచి కోయించిన బ్లేడుకంటే వెడల్పు. గ్రావెలంతా బురదలోకి దిగిపోయింది. కిందటేడు ఒండ్రు కింద గట్టి నేల ఉండేది, కాలికి తగిలేది. ఇప్పుడు అదీ లేదు.

బావ వంగాడు. చేత్తో బురద తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. పొలంలో అలా చూస్తే ఆయన 'బాగా కుదిరింది' అంటాడు.

అక్కని ట్రాక్టరు మీద తెద్దామంటే దానికి ఒకటే సీటు. ఇనప చక్రాల కుదుపుకి నా పళ్లే ఊడొస్తున్నాయి. ఊపిరి అందని మనిషి మడ్‌గార్డు పట్టుకుని కూర్చోలేదు. మళ్లీ ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది.

"బ్లేడు పని చేసిందా?" అంది అక్క, ఒక్కో మాటకీ ఆగుతూ.

"చేసిందక్కా. ఒండ్రంతా తీసేసింది."

"మరి కుర్చీ ఎందుకురా?"

అక్కని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తుకున్నాం.

అడుగు వేస్తే తొడలదాకా దిగిపోతోంది. కాలు పీక్కోవాలంటే పక్కవాడు ఆగాలి. ఒకడు దిగబడితే కుర్చీ అటు ఒరిగిపోతోంది. మధ్యలో ఒకసారి దింపబోతే కుర్చీ కాళ్లు మునిగి అక్క ఒళ్లోకి బురద వచ్చింది. మళ్లీ ఎత్తాం. కిందటేడు పట్టినదానికంటే చాలా ఎక్కువ సేపు పట్టింది. అక్క కళ్లు మూసుకుంది. మోసే నలుగురిని చూడకూడదని కాబోలు అనుకున్నాను. గట్టు మీదకి ఎక్కించాక తెలిసింది, తెరిచే ఓపిక లేక.

టౌన్లో మెషీను ఖాళీగా పెట్టుకుని మా కోసమే చూస్తున్నారు. పరుగు మీద తీసుకెళ్లారు. సూదులు వేశారు. మెషీను తిరగడం మొదలైంది. బావని చెప్పులు బయట వదిలి లోపలికి రమ్మన్నారు. ఆయన కాళ్లకి చెప్పులు లేవు, మోకాళ్ల దాకా ఎండిన ఒండ్రే ఉంది. కాళ్లు కడుక్కుని రావడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేలోపే అక్క గుండె ఆగిపోయింది. చాలాసేపు ఛాతీ నొక్కి చూశారు. నీరు గుండెకి పట్టేసిందండి, కొంచెం ముందు వచ్చుంటే చూసేవాళ్లం అన్నారు. బావ తడి కాళ్లతో గుమ్మంలోనే నించుండిపోయాడు.

అక్కని ఆ బాటలోంచి వెనక్కి తేలేదు. బావ వద్దన్నాడు. గట్టు దిగి రేవు పక్కనే ఇసకలో దహనం చేశాం.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి బావ రోడ్డు మీద ఉన్నాడు. ఇటుకబట్టీ నుంచి విరిగిన ముక్కలు తెప్పించి గట్టు కింద కుప్ప పోయించాడు. తట్టతో మోసి ఒక్కో చోట పోస్తున్నాడు.

"ఇంకెవరి కోసం బావా?" అన్నాను.

"పెద్దకార్యానికి జనం రావాలి కదరా. మీ అమ్మ నడవలేదు. ఆటో రావాలి."

దమ్ము చక్రాలు విప్పి గేదెలపాక వెనక పడేశాను. రబ్బరు టైర్లతో గట్టు వైపు నుంచి మొదలెట్టాను. పోసిన ముక్కల మీదే బండిని నిలబెట్టుకుంటూ, ముందున్న కుప్పని బ్లేడుతో నెట్టి, చదును చేసి, దాని మీదకి ఎక్కి, మళ్లీ నెట్టడం. బురద చాలా ముక్కలు మింగింది. బావ ముందు నడుస్తూ పార పెట్టి లోతు చూసేవాడు. ఎక్కడ ఎక్కువ పొయ్యాలో చేత్తో చూపించేవాడు. మేమిద్దరం అన్ని రోజులు పక్కపక్కన పని చేసి ఒకళ్లనొకళ్లం ఒక్క వెటకారం ఆడుకోకుండా ఉండడం అదే మొదటిసారి. చక్రాల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పెద్దకార్యం నాటికి బాట గట్టిపడింది. ఆటోలు వచ్చాయి, రెండు కార్లు కూడా వచ్చాయి. భోజనాలయ్యాక బావ తరఫు దూరపు చుట్టం ఒకాయన అరుగు పక్కన చేతులు కడుక్కుంటూ ఎర్రటి రోడ్డు వైపు చూశాడు.

"ఇంత మంచి రోడ్డు ఉంచుకుని, ఆవిణ్ని టయానికి తీసుకెళ్లలేకపోవడం ఏంటండీ?" అన్నాడు.

బావ చెంబు వంచి ఆయన చేతుల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు.