ఇసుక మీద ఆదెమ్మ గీసిన కోడి

సారపాకలో బ్రిడ్జి వైపు వెళ్ళే రోడ్డు మీద, టైర్ల షాపు ఖాళీ చేసిన గదిలో మేం ఐదుగురం కలిసి ‘మన గోడ’ అని బొమ్మల గ్యాలరీ పెట్టుకుని పదేళ్ళయింది. దాని చరిత్ర రాయమని జకర్యా నన్ను అడిగాడు. మూడో తరగతి చదివినదాన్ని అడగడమేంటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఏడు చదివిన జకర్యా రాసే ఉత్తరాలు నేను చూశాను. నా మటుకు ఆ గోడ చరిత్ర అంటే ఆదెమ్మ చరిత్రే. అదే రాస్తాను.

ముందు గోడ ఎలా వచ్చిందో చెప్పాలి. జకర్యా బోర్డులు రాసేవాడు. షాపుల పేర్లు, మా క్రైస్తవుల ఇళ్ళకు బైబిలు వాక్యం పలకలు. అక్షరాలు అతనివి, చుట్టూ గులాబీలు నావి. మా ఆయన జయరాజ్ కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్తే నేను ఇంట్లో కూర్చుని గులాబీలు వేసేదాన్ని. ఫ్లెక్సీలొచ్చాక రెండేళ్ళలో మా కుంచెలు ఎండిపోయాయి. చేతిలో పనితనం ఉండి పనిలేనివాళ్ళం ఒక్కొక్కరం చేరాం. గది కిరాయికి తీసుకుని సున్నం మేమే వేసుకున్నాం. రెండు నియమాలు పెట్టుకున్నాం. మనిషికి నాలుగు మూరల గోడ. గోడ ఉన్నవాళ్ళు వారానికి ఒక రోజు గదిలో కూర్చుని అందరి బొమ్మలూ అమ్మిపెట్టాలి. కూర్చోనివాళ్ళకు గోడ లేదు. ఒక డ్రాయింగ్ మాస్టారు తాను కూర్చునే రకం కాదన్నాడు. మరునాడే ఆయన బొమ్మలు దించి ఇంటికి పంపాం.

ఆదెమ్మది పినపాక అవతల గూడెం. సంతలో చీపుర్లు అమ్మేది. బేరం లేనప్పుడు బొగ్గుతో అట్టముక్కల మీద గీస్తూ కూర్చునేది. జకర్యా చూసి పిలుచుకొచ్చాడు.

“వదినా, ఈమె చెయ్యి చూడు.”

“చెయ్యి సంగతి తర్వాత. బొమ్మ తియ్యమను,” అన్నాను.

తీసింది. ఆడవాళ్ళు, మేకలు, ఒక ఇప్పచెట్టు. సన్నటి గీతలు. తప్పు పడదామని చాలాసేపు వెతికాను. దొరకలేదు. అది నాకు నచ్చలేదు గానీ, సరే అన్నాను.

వాళ్ళ అమ్మ గూడెంలో ఇళ్ళ గోడలకు తెల్లసుద్దతో, ఎర్రమన్నుతో బొమ్మలు వేసేదట. పదేళ్ళ వయసులో ఆదెమ్మ మన్ను కలిపేది. పెళ్ళయ్యాక భర్త రామన్న మిల్లుకు వెళ్ళే వెదురు నరికేవాడు. లారీకి ఎత్తుతుంటే మోపు జారి కాలు నలిగింది. ఇప్పుడు కూర్చుని బుట్టలల్లుతాడు. మా గ్యాలరీలో మొదటిసారి తెల్లటి అట్ట చేతికిస్తే ఆదెమ్మ దాన్ని వాసన చూసింది.

“మా ఆయన నరికిన బొంగే గిట్ల అట్టయి నా దగ్గరికొచ్చిందేమో అక్కా,” అని నవ్వింది.

బేస్తవారం ఆమె వంతు. మొదటి బస్సుకు జావ సీసాతో దిగేది. భద్రాచలం, పర్ణశాల చూసి తిరిగెళ్ళేవాళ్ళు కార్లాపితే లోపలికి పిలిచేది. ఆమె కూర్చున్న రోజు బొమ్మలు ఎక్కువ పోయేవి. ఎందుకు పోతున్నాయో మూడేళ్ళు ఎవరం అడగలేదు.

మూడో ఏడు ఎండాకాలం నేను పర్ణశాల దగ్గర గోదావరి వేశాను. నీళ్ళు సన్నగా పక్కకు పోయి, మిగిలినదంతా ఇసుక. ఒక్క మనిషి లేడు. మూడు నెలలు పట్టింది. నేను వేసినవాటిలో అంత మంచిది ఇంకోటి లేదు. వెంకటనారాయణ గారని ఖమ్మం ఆయన కొన్నాడు. అమ్మిన ప్రతి బొమ్మకూ ఫోటో తీసి ఉంచడం అప్పుడే మొదలుపెట్టాం. జకర్యా ఆ ఫోటో ఫోన్లో చూపించాడు. నా ఇసుక మీద కోడి నడుస్తోంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరం గదిలో కూర్చున్నాం. ఆదెమ్మకు కబురు పెట్టి రప్పించాం.

“ఆదెమ్మా, నా ఇసుక మీద కోడి ఏంది?”

“పెట్ట, అక్కా. ఎనక మూడు పిల్లలు గూడ ఉన్నయ్. ఫోటోల కనవడ్తలేవా?”

“నీ పిల్లలతోని నాకేం పని! ఎవర్నడిగి పెట్టినవ్?”

“కొన్నాయన్ని అడిగిన. పెట్టుమన్నడు.”

“గీసింది నేను!”

“అవ్, నువ్వే గీసినవ్. ఆయన భార్య ఎనిమిది నెలలసంది మంచం మీద ఉన్నదట. మంచానికి ఎదురుంగ పెడ్తడట. పొద్దందాక ఆమె ఉత్త ఇసుక చూస్కుంట పండుకోవాల్నా?”

జకర్యా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేను చూసిన చూపుకు అది నిజం దగ్గయింది.

ఆదెమ్మ నెమ్మదిగానే చెప్పింది. “ఎవల గోడ గీసినా ముందు ఇంట్ల ఎంతమంది, ఎవలికి బాగలేదు, ఎవలు మిరపకోతకు పోయిన్రు అని అడగాలె. కోతకు పోయినోళ్ళకు ఒక బిందె నీళ్ళు గీయాలె. మంచాన పడ్డోళ్ళకు తిరుగాడే జీవం గీయాలె. ఏం పెట్టనప్పుడు అడుగుడెందుకు? మా అమ్మ గట్లనే నేర్పింది.”

“ఇంతకుముందు ఎన్నింటికి పెట్టినవ్?” అన్నాడు జకర్యా.

ఆదెమ్మ వేళ్ళు మడిచింది. రెండు చేతులూ అయిపోయాక ఆపింది. “నీదాంట్ల ఒక్కటే అన్నా. అక్షరాల మీద పిచ్చుక.”

అతని మొహంలో నవ్వు పోయింది. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని మూడో నియమం అప్పటికప్పుడు రాశాడు. పట్టుబట్టి రాయించింది నేనే.

“మంచిదే,” అంది ఆదెమ్మ. “అట్లయితె నన్ను కూసోబెట్టకుర్రి. మనిషొచ్చి ఇంటి సంగతి చెప్పినంక ఉత్తచేతులతోని పంపుడు నాతోని కాదు. ఇయ్యాల సరే అని, రేపు దొంగతనంగ గీయలేను.”

“కూసోకపోతే గోడ ఉండదు గదమ్మా,” అన్నాడు జకర్యా.

“అవ్, ఎరుకే.”

తన బొమ్మలు తానే దించుకుంది. ఎవరం లేవలేదు. మూట కట్టుకుని గడప దగ్గర ఆగి నా వైపు చూసింది.

“మూడేండ్లాయె, నిన్నెప్పుడు అడగలే అక్కా. మీ ఇంట్ల ఎంతమంది?”

“నేనొక్కదాన్నే. ఏం?”

“ఏం లే. నీ బొమ్మలల్ల మనుషులుండరు గద, అడిగిన.”

దారంతా ఆమెకు జవాబులు వెతుక్కుంటూ నడిచాను. ఇల్లు చేరేసరికి ఏడు మంచి జవాబులు దొరికాయి. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. జయరాజ్ పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఖాళీ అయిన గోడ కోసం ఇద్దరు వచ్చారు. ఇద్దరి బొమ్మలకూ నేను వంకలు పెట్టాను. వంకలున్నాయి కూడా. బేస్తవారం వంతు నా మీద పడింది. నాలుగో వారం ఒకావిడ వచ్చి జకర్యా బొమ్మ కొంది. కొడుకు దూరాన గనిలో పనికి కుదిరాడని, కొత్త గదిలో గోడకు పెట్టుకుంటాడని చెప్పింది. ధర చెప్పాను. కాగితం చుట్టి ఇచ్చాను. తీసుకుని కూడా ఆమె వెంటనే వెళ్ళలేదు. ఇంకొక మాట అడుగుతానేమో అన్నట్టు కాసేపు నిలబడింది. నేను అడగలేదు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

మరునాడు పినపాక బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. రామన్న అరుగు మీద బుట్ట అల్లుతున్నాడు. ఆదెమ్మ గోడకు ఎర్రమన్ను పూస్తోంది.

“దారి తప్పినవా అక్కా?”

“నేను దారి తప్పేదాన్ని కాదు. నిన్ను తిట్టనీకి వచ్చిన.”

“నీళ్ళు తాగి తిట్టు. ఎండల వచ్చినవ్.”

నీళ్ళు తాగాను. రామన్న పీట జరిపాడు.

“నీ గోడ ఇంకా ఖాళీగనే ఉన్నది. వస్తవా, రావా?”

“వస్తె కూసోవాలె గద.”

“కూసో. అడుగు. ఏం పెట్టబుద్ధయితె అది చిన్న అట్టముక్క మీద వేరే గీసియ్యి.”

“వేరే ముక్కల ఉన్న కోడి నీ ఇసుక మీద ఎట్ల నడుస్తదక్కా?”

రామన్న బుట్టలోకి తలదించి నవ్వాడు. మంచం మీదున్న ఆ ఖమ్మం ఆవిడ గుర్తొచ్చింది. ఆమె ముందున్న నా ఇసుక గుర్తొచ్చింది. అంత ఇసుక ఒక మనిషి ముందు పెట్టి, మంచి పని చేశానని మురిసిపోయాను.

“సరే,” అన్నాను. “నా బొమ్మల మీద పెట్టుకో. కొనేటోళ్ళతోపాటు నన్ను గూడ అడగాలె. మిగతావాళ్ళవి ముట్టకు. జకర్యాకు నేను చెప్త.”

“నువ్వు ఇంటికాడుంటవ్. ఎట్ల అడగాలె?”

“బేస్తవారం నీ పక్కనే కూసుంట.”

“ప్రతి వారమా? నీకేం పని లేదా?”

“ఉన్న పని చెప్తున్న గద!”

ఆదెమ్మ చేతికున్న మన్ను చీరకు తుడుచుకుంది. “అడిగితె వద్దంటవ్ నువ్వు.”

“అంట. మూడుసార్లడిగితె ఒకసారి వద్దంట. నా బొమ్మ నాది.”

“గట్లనే,” అంది. లోపలికి వెళ్ళి మూట తెచ్చింది. నాలుగు వారాలుగా దాన్ని విప్పలేదు.

అప్పటి నుంచి బేస్తవారాలు ఇద్దరం కూర్చుంటున్నాం. ఆమె బతుకు సంగతులు నాకు తెలిసింది అక్కడే, జావ తాగుతూ. బిందె పెడతానంటే సరే అన్నాను. కుక్కను పెడతానంటే వద్దన్నాను. ఒకసారి మేక కోసం మధ్యాహ్నం దాకా వాదించుకున్నాం. కొన్నవాళ్ళు టీ తాగి వచ్చేసరికి కూడా తేలలేదు.

మొన్న వానల్లో కొత్త బొమ్మ తెచ్చి తగిలించాను. వరద తగ్గిన గోదావరి ఒడ్డు. ఆదెమ్మ దగ్గరికెళ్ళి చూసింది. కింది మూల అరచేయంత జాగా రంగు లేకుండా తెల్లగా ఉంది.

“ఏమక్కా, రంగు అయిపోయిందా?”

“అయిపోలేదు.”

“మరి బద్ధకమా?”

“నోరు మూస్కొని కూసో. బేరమొస్తున్నది.”

బయట కారాగింది. ముసలాయన, ఆయన కోడలు దిగారు. వాళ్ళు మెట్టెక్కక ముందే ఆదెమ్మ ఎదురెళ్ళింది.

“రా బిడ్డా, ఏ ఊరు? ఇంట్ల ఎంతమంది?”

నేను ఎర్రరంగు డబ్బా మూత తీసి ఆమె కూర్చునే చోట పెట్టాను.